పసుపు పెట్టిన కార్డు

"ఈ మూల చూడండి. సరిగ్గా చూడండి. ఏంటిది?"

రజిని ఫోను తెర మీద బొమ్మను రెండు వేళ్ళతో సాగదీసి భర్త ముఖానికి అడ్డంగా పెట్టింది. రవిశంకర్ ఆఫీసు నుంచి అప్పుడే వచ్చాడు. ఇంకా బూట్లు కూడా విప్పలేదు.

"మరకలా ఉంది."

"మరక కాదు. పసుపు."

"అయితే?"

"అయితేనా? మూడు రోజుల నుంచి బుర్రలు బద్దలు కొట్టుకుంటుంటే అయితే అంటారేంటండీ?"

మూడు రోజుల క్రితం స్కూలు డిస్ట్రిక్ట్ పంపిన ఉత్తరం వంటింటి గట్టు మీదే పడి ఉంది. మీరు పెకాన్ హాలో హైస్కూలు పరిధి దాటి కాపురం మార్చినట్టు తెలిసింది, మీ అమ్మాయి కృతి మా స్కూల్లో పన్నెండో తరగతి చదవడానికి వీలుంటుందో లేదో తేల్చాలి, గురువారం ఉదయం తొమ్మిదిన్నరకు రండి, అని దాని సారాంశం. ఆ ఉత్తరానికి జతచేసిన సాక్ష్యం మరేదో కాదు, వీళ్ళ గృహప్రవేశం ఆహ్వానమే. ఒక పక్క తెలుగు, ఇంకో పక్క ఇంగ్లీషు, కింద కొత్త ఇంటి అడ్రసు.

పాత అద్దె ఇంటిని ఇంకో ఏడాది పేరుకి అట్టిపెట్టుకుని, కృతి స్కూలు చదువయ్యాక వదిలేద్దామన్నది మొగుడూ పెళ్ళాల పథకం. కొత్త ఇల్లు హైవేకి అవతల పడింది మరి. హైవేకి ఇవతల పెకాన్ హాలో, అవతల ఇంకో డిస్ట్రిక్టు, ఇంకో స్కూలు. పోనీ కాపురం వచ్చే ఏడాది మారదామంటే, ఈ ఫాల్గుణం దాటితే రజిని నక్షత్రానికి ఏడాదిన్నర దాకా ముహూర్తం లేదని పంతులుగారు తేల్చేశారు. పాలు పొంగించిన ఇంటిని చీకట్లో వదలకూడదని మామగారు పట్టుబట్టారు. అలా అందరూ కలిసి శుభమా అని హైవే దాటేశారు.

"మన ఇన్విటేషన్ వాట్సాప్‌లో రెండు వందల మందికి వెళ్ళింది రజినీ. అందులో ఎవరైనా పంపుండొచ్చు. ఎవరని పట్టుకుంటావు?"

"వాట్సాప్ దానికి పసుపెక్కడిదండీ? ఇది అచ్చేసిన కార్డు. మామయ్యగారు విజయవాడలో కొట్టించి తెచ్చినవి. నాలుగు మూలలా పసుపు పెట్టి చేతికిచ్చినవి. అవి ఈ ఊళ్ళో ఎంతమందికి ఇచ్చుంటారు? వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు."

రవిశంకర్ మళ్ళీ ఫోను అందుకుని చూశాడు.

రజిని మామగారి గదికేసి నడిచింది. పరంధామయ్యకు డెబ్బై నాలుగేళ్ళు. జిల్లా పరిషత్ హైస్కూల్లో నలభై ఏళ్ళు గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాడు. ఆరు నెలలకని అమెరికా వచ్చాడు. బీపీ మనిషని ఉత్తరం సంగతి ఆయన చెవిన వేయలేదు. మంచం మీద కూర్చుని ప్రవచనం వింటున్నాడు.

"మామయ్యగారూ, మీరు తెచ్చిన కార్డులు ఇక్కడ మనవాళ్ళలో ఎవరెవరికిచ్చారు?"

"మనవాళ్ళలోనా?" ఆయన ఫోను ఆపి వేళ్ళు ముడిచాడు. "స్కూలు ట్రాకు మీద నడిచేవాళ్ళలో హనుమయ్యగారికి, రాజగోపాల్‌గారికి ఇచ్చాను. వాళ్ళిద్దరూ మన గృహప్రవేశం అయిన వారానికే ఇండియా వెళ్ళిపోయారుగా. వసంతలక్ష్మిగారికిచ్చాను. ఆ కరీంనగరు అమ్మాయి ఉందే, నీ స్నేహితురాలు, రేణు. ఆ అమ్మాయికిచ్చాను. మనవాళ్ళలో అంతేనమ్మా. ఇహపోతే..."

"చాలు మామయ్యగారూ. మందేసుకున్నారా?"

జవాబు వినకుండానే తలుపు దగ్గరగా వేసి వచ్చేసింది. ఆమెకు కావలసింది దొరికింది.

"ఇద్దరే," అంది గట్టు దగ్గరికొచ్చి. "ఊళ్ళో ఉన్నది ఇద్దరే. వసంతలక్ష్మి ఆంటీ, రేణు."

"వసంతలక్ష్మిగారు అలాంటి పని చేయరు."

"ఆవిడ చేశారని నేనన్నానా? నా కూతుర్ని ఆరో నెల నుంచి కిండర్‌గార్టెన్ దాకా ఆవిడ ఒళ్ళో పెంచారు. మొన్న ఈ ఇంట్లో పాలు పొంగించింది ఆవిడే. ఆవిణ్ణి అనుమానిస్తే కళ్ళు పోతాయి. ఇక మిగిలింది ఎవరు?"

రవిశంకర్ బూట్లు విప్పడానికి వంగాడు. అది మాట తప్పించుకునే వంగడమని రజినికి తెలుసు.

"ఎవరండీ మిగిలింది?"

"రేణు ఎందుకు చేస్తుంది?"

"ఎందుకా? గృహప్రవేశం రోజు భోజనాల దగ్గర పదిమందిలో ఏమంది? 'ఇంత పెద్దిల్లు కొన్నవు, మరి స్కూలెట్ల?' అనలేదూ? అప్పుడే నేను మీతో అన్నాను. మీరేమన్నారు, ఊరికే అడిగిందిలే అన్నారు."

గరాజ్ తలుపు చప్పుడైంది. కృతి లోపలికొచ్చింది. బ్యాండ్ ప్రాక్టీసు నుంచి వస్తూ క్లారినెట్ పెట్టె భుజానికి తగిలించుకునే ఉంది. ముఖం ఎండకి కందిపోయింది. కళ్ళు మాత్రం ఎండకి ఎర్రబడ్డట్టు లేవు.

"ఏమైంది కన్నా?"

"నథింగ్."

"కృతీ."

"డ్రమ్ మేజర్ ఆడిషన్ లిస్ట్ పెట్టారు అమ్మా. నా పేరు పక్కన హోల్డ్ అని ఉంది. బ్యాండ్ హాల్లో మిస్టర్ అల్వరేజ్ సారీ చెప్పాడు. నెక్స్ట్ ఇయర్ నేను అక్కడ ఉంటానో లేదో తెలీదు కదా, సో, శనివారం నేను చెయ్యలేను."

ఆ పిల్ల మూడేళ్ళుగా ఎదురుచూస్తున్నది ఆ శనివారం కోసమే. డ్రమ్ మేజర్ అంటే మైదానం ముందు ఎత్తయిన మెట్టు మీద నిలబడి రెండు వందల మంది వాద్యగాళ్ళని చేతులతో నడిపించే పిల్ల. ఏడాదికి ఒక్కరే. శుక్రవారం సాయంత్రం ఆ మైదానం లైట్లు వెలిగితే ఊరంతా అక్కడే ఉంటుంది. ఆ స్కూల్లోనే ఓట్లేస్తారు, ఆ ఆడిటోరియంలోనే ఉగాది జరుపుతారు, ఆ ట్రాకు మీదే ఇండియా నుంచి వచ్చిన అమ్మలూ నాన్నలూ పొద్దున్నే నడుస్తారు. అలాంటి చోట తన కూతురు మెట్టెక్కి చేతులెత్తడం రజిని ఎన్నిసార్లు ఊహించుకుందో లెక్కలేదు. ఆగస్టు ఎండల్లో మూడు వేసవులు ఆ పిల్ల తారు మీద కవాతు చేస్తుంటే నీళ్ళ సీసాలు మోసింది తను.

"నువ్వు లేకపోతే ఎవరికొస్తుంది?" అడిగింది రజిని.

"మామ్, ఇట్ డజన్ట్ మేటర్."

"ఎవరికొస్తుంది?"

కృతి పెట్టె కింద పెట్టింది. "ధృవ్‌కి మే బీ. హీ ఈజ్ గుడ్, అమ్మా."

ధృవ్ రేణు కొడుకు. కృతి మెట్లెక్కి తన గదిలోకి వెళ్ళిపోయేదాకా రజిని ఆగింది. తలుపు పడగానే మొగుడి వైపు తిరిగింది.

"విన్నారా? ఇంకా ఏమైనా సాక్ష్యం కావాలా?"

"కావాలి. ఇది సాక్ష్యం కాదు, అనుమానం."

"నా కూతురి నోటి దగ్గర కూడు లాగేసుకుంటే నేను అనుమానం అని సరిపెట్టుకోవాలా? వాళ్ళు మాత్రం పరిధిలో ఉంటున్నారా? హైవే అవతల అపార్ట్‌మెంట్లో ఉంటూ ధృవ్‌ని వాళ్ళ బాబాయి శశికాంత్ అడ్రసు మీద చదివించట్లేదూ? అక్కడే ఉంటున్నట్టు నోటరీ కాగితం కూడా పుట్టించారు."

"అది నిన్ను నమ్మి రేణు చెప్పుకున్న మాట. ఎవరికీ చెప్పనని మాటిచ్చావు."

"మనమూ నమ్మే కదా కార్డిచ్చింది?"

రవిశంకర్ ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "రజినీ, ఆ పని మాత్రం చెయ్యకు. గురువారం వెళ్దాం, బతిమాలుదాం. పిల్లవాడి జోలికి పోకు."

రజిని ఉత్తరం మడిచి కవర్లో పెట్టింది.

* * *

బుధవారం పొద్దున ఎనిమిదింటికి రేణు దగ్గర్నుంచే ఫోనొచ్చింది. రజిని మీటింగ్ మధ్యలో ఉంది. మైకు ఆపేసి ఫోనెత్తింది.

"రజినీ, రేపు హియరింగ్ అంట గదా? నాకొక్క మాటన్న చెప్పలే నువ్వు."

"నీకెవరు చెప్పారు?"

"ధృవ్ చెప్పిండు. లిస్ట్‌ల కృతి పేరు పక్కన హోల్డ్ అని చూసిండంట. రాత్రి అన్నం గూడ సరిగ్గ తినలే వాడు. నేను ఆఫీస్‌కి లీవ్ పెట్టి వస్తనే. కృతి ఎంత కష్టపడ్డదో ఒక లెటర్ రాసిస్త. పేరెంట్ వాలంటీర్‌ని గదా, నా మాటకు కొంచెం విలువ ఉంటది."

రజినికి ఒళ్ళు మండిపోయింది. చేసిందంతా చేసి పలకరింపొకటి. పైగా లెటరట.

"అక్కర్లేదులే రేణూ."

"ఎందుకక్కర్లేదు? ఎవరో కావాలని చేసిన్రే ఇది. కండ్లు మండి చేసిన్రు. ఎవరో నీకేమన్న ఐడియా ఉన్నదా?"

"ఉంది."

"ఎవరు?"

"తర్వాత చెప్తాను. మీటింగ్‌లో ఉన్నాను."

ఫోను పెట్టేసింది. ఎవరో ఐడియా ఉన్నదా అట. ఎంత నాటకం. ఎంత తీయగా అడిగింది. ఈ దేశమొచ్చిన ఇరవై ఏళ్ళలో ఇలాంటి మనుషుల్ని ఎంతమందిని చూడలేదు, అయినా బుద్ధి రాలేదని తనని తనే తిట్టుకుంది.

మీటింగ్ కాగానే స్కూలు డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్ తెరిచింది. పరిధి దాటి చదువుతున్న పిల్లల గురించి పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే ఫారం అందులో ఉందని ఈ ఊళ్ళో తెలియని తల్లి లేదు. తెలుసని ఒప్పుకునే తల్లీ లేదు.

విద్యార్థి పేరు. స్కూల్లో ఇచ్చిన అడ్రసు. నిజంగా ఉంటున్న అడ్రసు. మీకెలా తెలుసు?

ఆ చివరి గడిలో రజిని తీరిగ్గా రాసింది. ఏ అపార్ట్‌మెంట్, ఎన్నో అంతస్తు, పొద్దున ఏడూ పదికి ఏ రంగు కారు గేటు దాటుతుందో కూడా రాసింది. బాబాయి ఇంట్లో ఆ పిల్లవాడికి గదే లేదనీ, వాడిదని చూపించే గదిలో ట్రెడ్‌మిల్ ఉందనీ రాసింది. ఆఫీసులో రిపోర్టులు రాసే చెయ్యి అది. ఒక్క వాక్యం కొట్టేయాల్సిన పని పడలేదు.

పంపు అన్న బొత్తాం మీద వేలు పెట్టినప్పుడు భర్త మాట గుర్తుకొచ్చింది. పిల్లవాడి జోలికి పోకు. కృతి కళ్ళు కూడా గుర్తుకొచ్చాయి. నొక్కేసింది.

పాపభీతి లాంటిదేదీ కలగలేదు. నిజం చెప్పాలంటే హాయిగా అనిపించింది. మూడు రోజుల తర్వాత ఆ పూటే ఆకలేసింది. పెరుగన్నం కలుపుకుని, ఆవకాయ నంజుకుని, కడుపునిండా తింది.

* * *

గురువారం పరంధామయ్య తానూ వస్తానని బయల్దేరాడు. స్కూల్లో ఏదో పనుందంటే చాలు ఆయనకి. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అందరికంటే ముందు కారెక్కి కూర్చున్నాడు. దిగమనడానికి ఇద్దరికీ నోరు రాలేదు.

స్కూలు ఆఫీసులో బల్ల వెనకాల కూర్చున్న మిసెస్ విట్లీ తలెత్తి చూసింది. రజినిని కాదు, రవిశంకర్‌ని కాదు, వెనకాలున్న ముసలాయన్ని చూసి ఆమె ముఖం వెలిగిపోయింది. లేచి, రెండు చేతులూ జోడించి, నమస్తే అంది.

పరంధామయ్య కూడా నవ్వుతూ నమస్కారం పెట్టాడు.

"ఈవిడ మీకెలా తెలుసు మామయ్యగారూ?" రజిని గొంతు తగ్గించి అడిగింది.

"తెలియకపోవడమేంటమ్మా? నేను కార్డు పట్టుకొచ్చింది ఈవిడ దగ్గరికే. ఈవిడే పెద్దమ్మగారిని పిలిపించింది. ప్రిన్సిపాలుగారు. ఎంత మర్యాదస్తురాలో. కార్డు రెండు చేతులా పుచ్చుకుని, పసుపెందుకని అడిగి మరీ తెలుసుకుంది. పాపం, రావడానికి వీలు పడినట్టు లేదు."

రజిని ఆయన వైపు పూర్తిగా తిరిగింది.

"మీరు... ప్రిన్సిపాల్‌కి కార్డిచ్చారా?"

"ఇయ్యకుండా ఎలాగమ్మా? పిల్ల చదివే స్కూలు. మొన్న నీకు చెప్పబోతే మందేసుకున్నారా అని వెళ్ళిపోయావు."

రవిశంకర్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

లోపలి గదిలో డాల్టన్ అనే అధికారి ఎదురుగా కూర్చున్నాక కూడా రజిని చెవులకి ఏదీ సరిగ్గా ఎక్కలేదు. మా మీద ఎవరు ఫిర్యాదు చేశారు, అని రవిశంకర్ అడిగాడు. ఫిర్యాదా, అని డాల్టన్ ఆశ్చర్యపోయాడు. ఎవరూ చేయలేదన్నాడు. పెద్దాయన స్వయంగా తెచ్చిచ్చిన కార్డు, అందులో కొత్త అడ్రసు ఉంది, ఆఫీసులో మిసెస్ విట్లీ రికార్డులో అడ్రసు మార్చింది, అది పరిధి బయట పడింది, ఉత్తరం వెళ్ళింది. అంతకంటే ఏమీ లేదన్నాడు. మంచివాడే. గొంతు కూడా పెంచలేదు.

"మే నెలాఖరు దాకా చదువుకోవచ్చు. వచ్చే ఏడాదికి మాత్రం వీలుపడదు. సారీ."

అంటే శనివారం లేదు. డ్రమ్ మేజర్ లేదు. చివరి ఏడాది లేదు. తేల్చేశాడు.

లేవబోతూ రజిని మళ్ళీ కూర్చుంది. "ఒక మాట అడగొచ్చా? ఎవరైనా పొరపాటున ఆ ఫారం నింపితే... వెనక్కి తీసుకోవచ్చా?"

"తీసుకోవడానికేముండదు మేడమ్. వచ్చిన ఒకటి రెండు రోజుల్లో మా మనిషి ఇంటికెళ్ళి చూస్తాడు. అందులో రాసింది నిజమైతే నిజమే. ఎవరు రాశారన్నది మాకక్కర్లేదు."

రవిశంకర్ చటుక్కున భార్య వైపు చూశాడు. ఆమె చూపు తప్పించింది. ఆ ఒక్క చూపుతో అతనికి అంతా తెలిసిపోయింది.

కార్లో మాత్రం అతని కోపం తండ్రి మీద విరుచుకుపడింది. "మిమ్మల్ని ఎవరు ఇవ్వమన్నారు నాన్నా? ఎవరు చెప్పారు మీకు? దాని బతుకు మీద మన్ను పోశారు."

పరంధామయ్యకు కాసేపు ఏమీ బోధపడలేదు. బోధపడ్డాక కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "మా ఊళ్ళో హెడ్మాస్టరుగారికియ్యకుండా శుభలేఖ గడప దాటేది కాదురా. మొదటి కార్డు దేవుడికి, రెండోది ఆయనకి. నేనేదో... పిల్లకి మంచిదనుకున్నాను."

వెనక సీట్లో రజిని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తిట్టడానికి ఆమె దగ్గర బోలెడు మాటలున్నాయి. కానీ ఆ ముసలాయన్ని ఏమని తిడుతుంది? పగ తీర్చుకోవడానికి అసలు మనిషే లేడు. తీర్చుకున్న పగ మాత్రం ఉంది.

మధ్యాహ్నం రేణుకి ఫోను చేసింది. ఈ రెండు మూడు రోజులూ ధృవ్‌ని శశికాంత్ ఇంట్లో పడుకోబెట్టమని చెబితే చాలు. ఒక్క మాట.

"ఏమైందే?" అంది రేణు, ఫోనెత్తుతూనే.

"మే దాకానే అన్నారు."

అవతల ఏడుపు వినిపించింది. దొంగేడుపు కాదు. ముక్కు చీదుతూ, మాట పెగలక, రేణు కృతి కోసం ఏడుస్తోంది. "శనివారం ధృవ్ గూడ పోడంట రజినీ. కృతి లేకుంటే నాకొద్దు అన్నడు. నేనే తిట్టిన, పోరా అని."

ధృవ్‌ని అక్కడ పడుకోబెట్టు అంటే, ఎందుకు అంటుంది. నీకెట్ల తెలుసు అంటుంది. రజిని గొంతులోకి వచ్చిన మాటను మింగేసింది.

"నువ్వు ఏడవకే," అని ఫోను పెట్టేసింది.

* * *

శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు రేణు బెల్లు కొట్టలేదు, తలుపు బాదింది.

లోపలికొచ్చి చెప్పులు ఒకటి ఇటు, ఒకటి అటు విడిచింది. జుట్టు ముడి ఊడిపోయి ఉంది. గట్టు దగ్గర కూర్చోమంటే కూర్చోలేదు.

"పొద్దున ఆరున్నరకు డిస్ట్రిక్ట్ మనిషి వచ్చిండు రజినీ. మా మరిది ఇంటికి. ధృవ్ ఏడీ అన్నడు. నిద్రపోతుండు అని శశికాంత్ అబద్ధం చెప్పిండు. గది చూపించు అన్నడు. గదిల ట్రెడ్‌మిల్ ఉన్నది. ఆయన ట్రెడ్‌మిల్ దిక్కు చూసి నవ్విండంట."

రజిని మంచినీళ్ళ గ్లాసు ఆమె ముందు పెట్టింది.

"సోమవారం నుంచి రావద్దన్నరు. మీకన్న మే దాకా ఇచ్చిన్రు. మాది దొంగ నోటరీ గదా, మాకు అది గూడ లేదు. శశికాంత్ లాయర్ దగ్గరికి పోయిండు. వాడు వీసా మీద ఉన్నడు, వానికేమైతదో దేవునికే తెలవాలె. మా ఆయన నాతోని మాట్లాడ్తలేడు."

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. కృతి సగం దాకా దిగి ఆగింది. చేతిలో ఫోనుంది. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది.

"ఆంటీ, ధృవ్ నాకు టెక్స్ట్ చేశాడు. హీ ఈజ్ సో ఎంబరాస్డ్." ఆ పిల్ల తల్లి వైపు తిరిగింది. "అమ్మా, నాది యాక్సిడెంట్. తాతయ్య తెలియక ఇచ్చాడు, ఐ గెట్ ఇట్, నాకు తాతయ్య మీద కోపం లేదు. కానీ ఇది ఎవరో కావాలని చేశారు. పిల్లల మీద ఎవరు అలా చేస్తారు? వాళ్ళు ఎవరో తెలిస్తే నేను వాళ్ళ ఫేస్ ఎప్పుడూ చూడను."

"పైకి వెళ్ళు కన్నా," అంది రజిని. "నేను మాట్లాడతాను."

కృతి వెళ్ళిపోయింది. రేణు కళ్ళు తుడుచుకుని, అప్పుడు కూర్చుంది. కూర్చున్నాక ఆమె గొంతు మారింది. ఆ గొంతు రజినికి బాగా తెలుసు. మొన్న మంగళవారం సాయంత్రం తన గొంతు కూడా సరిగ్గా అలాగే ఉంది.

"ట్రెడ్‌మిల్ సంగతి గూడ రాసిన్రని ఆయననే అన్నడంట. మా ఇంట్ల తిరిగినోళ్ళే రాసిన్రు. అడ్రస్ సంగతి మా కుటుంబం గాకుండ ఈ ఊర్ల ఇద్దరికే తెలుసు. నీకు, వసంతలక్ష్మి ఆంటీకి. పోయిన నెల శశికాంత్ ఇంట్ల సత్యనారాయణ వ్రతం అయితే ఆమె వచ్చింది. నువ్వు గూడ వచ్చినవు."

రజిని కృతి గది వైపు చూసింది.

"నువ్వు చెయ్యవు," అంది రేణు. "నీ బిడ్డకు ఇదే బాధ వచ్చింది, ఆ బాధ తెలిసినదానివి నువ్వెట్ల చేస్తవు? ఇగ ఆమెనే."

"ఆవిడకేం అవసరం రేణూ?"

"ఆమె మనుమడు క్లారినెట్ గాదా? వచ్చే ఏడు డ్రమ్ మేజర్‌కి వాడు గూడ ఉన్నడు గదా లైన్ల? ముసలితనంల గూడ మనుమని కోసం ఏమైనా చేస్తరు." రేణు తన ఫోను తీసి గట్టు మీద పెట్టింది. తెర మీద ఏదో ఫిర్యాదు ఫారం తెరిచి ఉంది. రాష్ట్రం వాళ్ళది. "ఇంట్ల ఆరుగురు పిల్లల్ని చూస్తది. లైసెన్స్ లేదు. దాని మీదనే బతుకుతుంది. బిడ్డకు గూడ రూపాయి అడగది, అంత పౌరుషం. రాస్త. రేపటికల్ల తలుపులు మూసేస్తరు."

"తొందరపడకు. కనుక్కుందాం ముందు."

"ఏం కనుక్కోవాలె?"

"ఆవిడ కాకపోతే?"

"ఆమె గాకుంటే ఎవరు?" రేణు తలెత్తి సూటిగా చూసింది. "ఇద్దరే గదా రజినీ."

పై గదిలో కృతి ఫోనులో ఎవరితోనో మాట్లాడుతోంది. ధృవ్‌తోనే అయ్యుంటుంది. వంటింట్లో ఇద్దరు ఆడవాళ్ళ మధ్య నీళ్ళ గ్లాసు ఎవరూ ముట్టుకోకుండా అలాగే ఉంది.

రేణు చూపు మరల్చలేదు. ఆ చూపులో అనుమానం ఇంకా లేదు. కానీ ఇంకో నిమిషం ఊరుకుంటే పుడుతుందని రజినికి తెలుసు. అది ఎలా పుడుతుందో, పుట్టాక ఏం చేస్తుందో ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు?

"నా చేతులు వణుకుతున్నయి," అంది రేణు, ఫోను ఆమె వైపు తోస్తూ. "నువ్వు రాయి. నీకైతే ఇసువంటివి రాసుడు మంచిగొస్తది."

రజిని కుర్చీ దగ్గరికి జరుపుకుని ఫోను అందుకుంది.

"ఆంటీ వాళ్ళ ఇంటి నంబరెంత?" అని అడిగింది.